మంగళవారం వాన

మా ఊళ్ళో వాన పడిందంటే వార్త కాదు.
బెర్గెన్ పిల్లలు గొడుగుతోనే పుడతారని
ఓస్లో వాళ్ళు నవ్వుతారు.
అయినా మా ఆయన తోర్లైఫ్
పెరటి కంచెగుంజకు గాజుగొట్టం బిగించి
రోజూ ఏడింటికి, పైజామా మీదే రబ్బరుబూట్లు తొడుక్కుని,
కళ్ళద్దాలు నుదుటికెత్తి, వంగి,
నీటి అంచు చూసి వస్తాడు.
పద్నాలుగున్నర. ఆరు. ముప్పైఒకటి ముప్పావు.
పందొమ్మిదేళ్ళుగా.
పెద్దవాన రాత్రుల్లో మధ్యలో లేచి
గొట్టం ఒంపి, లెక్క రాసుకుని, తడికాళ్ళతో పక్కలోకి వచ్చేవాడు.
తిట్టేదాన్ని.
ఫెర్రీ ఇంజన్ల మధ్య చెవులు పోగొట్టుకున్న మనిషికి
చప్పుడు చేయని పని అదొక్కటే.

అంకె ఫేస్‌బుక్కులో పెట్టమన్నది మనవరాలు సున్నివా.
పెట్టాడు. పదకొండుమంది మెచ్చుకున్నారు,
అందులో ఇద్దరం ఇంట్లోవాళ్ళమే.

ఒకరోజు, ముఖం బదులు గద్దబొమ్మ పెట్టుకున్నవాడెవడో వచ్చి
"మీ అంకె అబద్ధం" అన్నాడు.
పలకరింపు లేదు, కారణం లేదు.
మా ఆయన గొట్టం ఫొటో పెట్టాడు.
"ఫొటో పాతది."
ఆనాటి పేపరు పక్కన ఆనించి మళ్ళీ తీశాడు.
"పేపర్లు అమ్ముడుపోయి చాన్నాళ్ళయింది."
వాతావరణశాఖ లెక్క చూపించాడు.
"వాళ్ళకు జీతం ఎవరిస్తారో తెలుసా?"
వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఒకావిడ.
వానతో మొదలైన మాట సొరంగం టోలు మీదికి,
అక్కణ్ణుంచి బయటినుంచి వచ్చినవాళ్ళ మీదికి,
అక్కణ్ణుంచి నా చేపల పులుసు మీదికి పోయింది.
(ఎప్పుడో ఒక ఫొటో పెట్టాడులే.)
చిలికి చిలికి గాలివాన అంటారు.
దాన్ని కొలిచే గొట్టం మా పెరట్లో లేదు.
గోడలకు చెవులుంటాయనేవారు,
ఈ గోడకు నోరొక్కటే.

రాత్రి రెండింటికి మెలకువ వస్తే పక్క చల్లగా ఉంది.
వంటింట్లో ఫోను వెలుగు గడ్డం కిందినుంచి కొట్టి
నాకు తెలిసిన ముఖాన్ని ఎవరిదో చేసింది.
ఒక్క వేలితో, అక్షరం వెతికి, అక్షరం పొడిచి,
"గౌరవనీయులైన గద్దగారికి" అని రాస్తున్నాడు.
నలభైనాలుగేళ్ళలో నాకు రాసిన ఉత్తరాలు మూడు.
ఈ వారం వాడికి ఇరవైరెండు.

దున్నపోతు మీద వానలా ఉండవయ్యా అందామనుకున్నాను.
కానీ ఈయన దున్నపోతు కాడే,
వానను కొలిచే మనిషి.

బయట మొదట తుంపర,
తర్వాత జల్లు,
తర్వాత చూరు తెగినట్టు ధార.
తల ఎత్తలేదు.
నాకు వినిపించింది. నేను చెప్పలేదు.
ఎందుకో ఇప్పటికీ తెలియదు. కాస్త కోపమేమో.

తెల్లారి పదింటికి కుర్చీలోనే లేచాడు.
గొట్టం పట్టేది అరవై.
అరవై దాకా ఉంది, అంచు దాటి పొర్లింది.
ఆ పైన ఎంతో మట్టికి తెలుసు.
కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు,
బూట్లు తొడుక్కోవడం కూడా మరిచి.

లోపలికొచ్చి రాశాడు:
"మంగళవారం. అరవై పైన. ఎంతో తెలియదు. తప్పు నాదే."

గద్ద క్షణంలో వాలాడు.
"చూశారా! వీడి లెక్క నమ్మొద్దని ముందే చెప్పాను."
కింద చప్పట్లబొమ్మలు బారులు తీరాయి.
మా ఆయన రెండుసార్లు చదివాడు.
"ఇది మాత్రం వాడన్నది నిజమే" అన్నాడు నాతో,
ఇంజన్లో పగులు దొరికినప్పటి గొంతుతో.
"అవును" అని ఒక్క మాట కొట్టి
ఫోను తీసుకెళ్ళి బంగాళాదుంపల బుట్టలో పడేశాడు.

ఇవాళ నాలుగు.
సున్నివా ఫోన్ చేసి పెట్టించింది.
గద్ద మళ్ళీ వచ్చాడట. "నాలుగా? నమ్మను" అన్నాడట.
ఆయనకు చెప్పాలా వద్దా అని గుమ్మం దాకా వెళ్ళాను.
పాత బనీను చింపి
గొట్టం లోపల పట్టిన పాకుడు తుడుస్తున్నాడు,
పుల్లకు చుట్టి, మెల్లగా,
చంటిపిల్ల చెవి తుడిచినట్టు.
లోవ్‌స్టాకెన్ కొండ మీద మబ్బు పడుతోంది.
"పట్టుకో" అన్నాడు.
పట్టుకున్నాను.